పుర్రెను కొలవడం: కాలిపర్ పట్టుకోవడం నుంచి అంకె రాసుకోవడం దాకా

ఒక పుర్రె పొడవు 182 మిల్లీమీటర్లు, వెడల్పు 137 అనుకుందాం. వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణిస్తే 75.3 వస్తుంది. పాత పుస్తకాల లెక్క ప్రకారం 75 కంటే తక్కువైతే ‘దీర్ఘ కపాలం’, 75 నుంచి 80 లోపైతే ‘మధ్యస్థ కపాలం’, ఆ పైన ‘హ్రస్వ కపాలం’. కాబట్టి ఇది మధ్యస్థం. ఇప్పుడు అదే పుర్రెను మీ పక్కనున్న మనిషి కొలిచి పొడవు 183 అన్నాడు. లెక్క 74.9కి దిగింది, పుర్రె దీర్ఘ కపాలమైపోయింది. ఇదంతా ఒక్క మిల్లీమీటరు తేడాకు జరిగింది. ఊపిరి బిగబట్టకుండా కాలిపర్ (రెండు కొనల మధ్య దూరం కొలిచే పరికరం) పట్టుకుంటే కొన అంత జరగడం మామూలే.

కపాలమితి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు నేను మొదట చూపించేది ఈ లెక్కే. స్కేలు చదవడం ఎవరికైనా వస్తుంది. ఏ రెండు బిందువుల మధ్య దూరం చదువుతున్నామో ఆ బిందువులు పట్టుకోవడమే అసలు పని. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

మొదలుపెట్టే ముందు

చేతికొచ్చిన పుర్రె ఎక్కణ్నుంచి వచ్చిందో ముందు అడగండి. 1985లో భారతదేశం ఎగుమతిని నిషేధించేదాకా ప్రపంచంలోని వైద్య కళాశాలలకు చేరిన అస్థిపంజరాల్లో చాలా భాగం ఇక్కణ్నుంచి వెళ్లినవే. వాళ్లలో ఎక్కువమందిని బతికుండగా ఎవరూ అనుమతి అడిగి ఉండరు. మ్యూజియం పుర్రె అయితే రాతపూర్వక అనుమతి, రిజిస్టర్ నంబరు ఉండాలి. తవ్వుతుంటే నేలలో కనిపించిన ఎముక అయితే ముట్టుకోకండి, ముందు పోలీసులకు చెప్పండి.

తర్వాత, ఎందుకు కొలుస్తున్నారో ఒక వాక్యంలో రాసుకోండి. ఎవరిదో తెలియని పుర్రె ఆడమనిషిదా మగమనిషిదా అని అంచనా వేయడానికి కొలిచే కొలతలు వేరు, పసిబిడ్డ తల సరిగ్గా పెరుగుతోందా అని చూసే కొలత వేరు. ఎందుకో తేల్చుకోకుండా కూర్చుంటే సాయంత్రానికి నలభై అంకెలు పోగవుతాయి, వాటిలో పనికొచ్చేవి నాలుగు కూడా ఉండవు.

సామాను పెద్దగా అక్కర్లేదు. వంపు చేతులున్న స్ప్రెడింగ్ కాలిపర్ ఒకటి, తిన్నగా ఉండే స్లైడింగ్ కాలిపర్ ఒకటి, సాగని టేపు, కింది దవడ కోసం మాండిబ్యులోమీటర్, మెత్తటి గుడ్డ. కాలిపర్ కొనలు రెండూ కలిపితే సున్నా చూపిస్తోందా లేదా చూడండి. ఎవరో కింద పడేసి, చెప్పకుండా పెట్టెలో పెట్టేసిన స్ప్రెడింగ్ కాలిపర్లు నాకు చాలాసార్లు తగిలాయి. కొన రవ్వంత వంగి ఉంటుంది, కంటికి తెలియదు. పొడవు కచ్చితంగా తెలిసిన లోహపు కడ్డీ ఒకటి దగ్గరుంచుకుని రోజూ పనికి ముందు దాన్ని కొలిస్తే అనుమానం ఉండదు.

పుర్రెను కూర్చోబెట్టడం

పుర్రెను ఎప్పుడూ రెండు చేతులతో, అడుగు నుంచి ఎత్తాలి. కంటి గూళ్లలో వేళ్లు పెట్టి ఎత్తేవాళ్లను చూస్తే నాకు ప్రాణం మీదికొస్తుంది. కంటి గూడు లోపలి గోడ కాగితంలా పలచన, వెలుతురుకు పెడితే అవతలి వైపు కనిపిస్తుంది. చెంప ఎముక నుంచి చెవి వైపు వెళ్లే సన్నటి వంతెన కూడా అంతే, పట్టుకోవడానికి అనువుగా కనిపిస్తుంది, పుటుక్కున విరుగుతుంది.

బల్ల మీద గుడ్డను చుట్టగా చుట్టి కుదురు చేయండి. కుండను కూర్చోబెట్టినట్టు పుర్రెను దాని మీద కూర్చోబెట్టాలి. కింది దవడను విడదీసి పక్కన పెట్టండి. ఊగుతున్న పళ్లుంటే ముందే తీసి, ఏ పన్ను ఎక్కడిదో రాసిన చిన్న సంచిలో వేయండి.

ఇప్పుడు పుర్రె ఎటు చూడాలన్న ప్రశ్న వస్తుంది. తల కొంచెం పైకెత్తితే నుదురు వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది, కొంచెం వంచితే నిటారుగా కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో ఒక్కో దేశంవాళ్లు ఒక్కో రకంగా పెట్టి కొలిచేవారు, ఒకరి అంకెలు ఇంకొకరికి పనికొచ్చేవి కావు. 1880లలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుదిరిన ఒప్పందం ఈ గొడవను తీర్చింది. రెండు చెవి రంధ్రాల పై అంచులు, ఎడమ కంటి గూడు కింది అంచులో అన్నిటికంటే దిగువనున్న చోటు, ఈ మూడూ ఒకే మట్టంలో ఉండాలి. దీన్నే ఫ్రాంక్‌ఫర్ట్ తలం అంటారు. కుదురు కింద గుడ్డ ముక్కలు దోపుతూ, చిన్న రసమట్టం పెట్టి సరిచూసుకోండి. బతికున్న మనిషి నిటారుగా నిలబడి దూరంగా చూస్తున్నప్పుడు తల దాదాపు ఇలాగే ఉంటుంది.

బిందువులు

వీటికి గ్రీకు, లాటిన్ పేర్లుంటాయి. భయపడాల్సిందేమీ లేదు, వేలితో ఒకసారి తడిమితే గుర్తుండిపోతాయి.

గ్లాబెల్లా: కనుబొమల గట్ల నడుమ, మధ్యగీత మీద అన్నిటికంటే ముందుకొచ్చిన చోటు. నేసియన్: దానికి కొంచెం దిగువన, ముక్కు ఎముకలు నుదుటి ఎముకతో కలిసే అతుకు మధ్య. బ్రెగ్మా: నుదుటి ఎముక వెనకంచు, తల పైనుంచి వచ్చే నిలువు అతుకు కలిసే చోటు. పసిపిల్లల్లో మాడు మెత్తగా కొట్టుకునేది ఇక్కడే. లాంబ్డా: ఆ నిలువు అతుకు వెనక్కి వెళ్లి రెండుగా చీలే చోటు. బేసియన్: పుర్రె అడుగున వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం ముందు అంచుకు సరిగ్గా మధ్య. ప్రోస్థియన్: పై దవడలో ముందు రెండు పళ్ల మధ్య ఎముక ముందుకు పొడుచుకొచ్చిన చోటు. జైజియన్: చెంప వంతెన అన్నిటికంటే బయటికి వంగిన చోటు.

ఇవి కాక ఇంకో రకం ఉన్నాయి. తల వెనక ఒపిస్థోక్రేనియన్, పక్కల యూరియన్. వీటికి ఎముక మీద ఏ గుర్తూ ఉండదు. గరిష్ఠ దూరం ఎక్కడ వస్తే అక్కడే ఆ బిందువు ఉన్నట్టు. అంటే కొలిచాకే అవి దొరుకుతాయి. కొత్తవాళ్లు ముందు చుక్క పెట్టుకుని తర్వాత కొలవాలని చూసి ఇక్కడే ఇరుక్కుంటారు.

అతుకులు కూడా మోసం చేస్తాయి. వయసు మళ్లినవాళ్లలో అవి కలిసిపోయి కనిపించవు. అప్పుడు రెండు పక్కలా మిగిలిన ఆనవాళ్లను పట్టుకుని, అవి మధ్యలో ఎక్కడ కలుస్తాయో ఊహించాలి. లాంబ్డా దగ్గర కొందరికి వార్మియన్ ఎముకలని చిన్న చిన్న అదనపు ముక్కలుంటాయి. నేను నేర్చుకునే రోజుల్లో అలాంటి ముక్క పై కొనను లాంబ్డా అనుకుని కొలిచాను, నా జోడీ దాని కింది కొన పట్టుకుంది. మా ఇద్దరికీ సెంటీమీటరు పైగా తేడా వచ్చింది, మధ్యాహ్నమంతా ఎవరి కాలిపర్ తప్పో అని వాదించుకున్నాం. ఇద్దరివీ తప్పే. పక్క అతుకుల దారిని ఆ ముక్క మీదుగా పొడిగించి, అవి కలిసే చోటు తీసుకోవాలి. మ్యూజియం ఎముక మీద పెన్సిల్ పెట్టకండి, సన్నటి దారం ఆనించి చూసుకుంటే చాలు.

పొడవు

ఇది ఒక్కటి సరిగ్గా వస్తే మిగతావి సగం వచ్చినట్టే.

ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య స్ప్రెడింగ్ కాలిపర్ ఒక కొనను పట్టుకోండి. ఆ వేళ్లను గ్లాబెల్లా పక్కన ఎముకకు ఆనించండి, కొన వాటి ఆసరాతో నిలబడాలి. ఇక ఈ చెయ్యి కదలకూడదు. కుడి చేత్తో రెండో కొనను తల వెనక మధ్యగీత మీద పెట్టి నెమ్మదిగా పైకీ కిందికీ జరపండి. కళ్లు స్కేలు మీదే ఉండాలి. అంకె పెరుగుతూ పోతుంది, 179, 180, 181, 182, ఒకచోట ఆగుతుంది, ఇంకా జరిపితే తగ్గుతుంది. మళ్లీ వెనక్కి వచ్చి ఆ పెద్ద అంకె నిలబడుతుందో లేదో చూడండి. అదే పొడవు, కొన ఆగిన చోటే ఒపిస్థోక్రేనియన్. కొన్ని పుర్రెల్లో తల వెనక మధ్యలో కొక్కెంలా ఒక గడ్డ పొడుచుకొస్తుంది, కొన దాని మీదికి ఎక్కితే పొడవు ఊరికే పెరుగుతుంది. ఆ గడ్డను వదిలేయాలి.

కొనలు ఎముకను తాకితే చాలు, నొక్కకూడదు. నొక్కితే కాలిపర్ చేతులు విచ్చుకుంటాయి. ఎంత తాకితే తాకినట్టో మాటల్లో చెప్పలేను. చేతికి అలవాటు కావడానికి నాకు ఓ ఇరవై పుర్రెలు పట్టింది.

వెడల్పు, ఎత్తు, ముఖం

వెడల్పుకు పుర్రె వెనక నిలబడండి. రెండు కొనలనూ చెవుల పైభాగాన ఆనించి, గుండ్రంగా తిప్పుతూ గరిష్ఠం వెతకండి. కొనలు రెండూ ఒకే ఎత్తులో, ముందు నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతే మీరు కొలిచేది ఏటవాలు దూరం, వెడల్పు కాదు. చెవి రంధ్రం పైన గట్టులా ఉండే అంచు మీద పెట్టకండి.

ఎత్తంటే బేసియన్ నుంచి బ్రెగ్మా. పుర్రెను పక్కకు వాల్చి, ఒక కొన రంధ్రం ముందు అంచుకు, రెండోది బ్రెగ్మాకు ఆనిస్తే సరి.

ముఖం కొలతలు తేలికే. చెంపల వెడల్పు జైజియన్ నుంచి జైజియన్, పై ముఖం ఎత్తు నేసియన్ నుంచి ప్రోస్థియన్, ముక్కు రంధ్రం వెడల్పు స్లైడింగ్ కాలిపర్‌తో. ఒక్క కంటి గూడు దగ్గరే తలనొప్పి. దాని లోపలి అంచు ఏ బిందువు నుంచి మొదలవుతుందన్న దాని మీద పద్ధతులు వేరువేరు. మాక్సిలోఫ్రాంటాలే నుంచి కొలిస్తే ఒక అంకె, డాక్రియాన్ నుంచి కొలిస్తే ఇంకో అంకె. ఏది వాడారో పక్కనే రాయండి. 1914లో మానవశాస్త్రవేత్త రుడాల్ఫ్ మార్టిన్ ప్రతి కొలతకూ ఒక నంబరిచ్చాడు. పొడవు 1, వెడల్పు 8, బేసియన్-బ్రెగ్మా ఎత్తు 17, చెంపల వెడల్పు 45. ఈ నంబర్లు రాస్తే ఏ భాషవాళ్లకైనా మీరు కొలిచిందేమిటో అర్థమవుతుంది.

మళ్లీ కొలవడం

అదే రోజు, అప్పుడే రాసిన అంకె కళ్ల ముందుండగా మళ్లీ కొలవడం దండగ. చెయ్యి తెలియకుండానే ఆ అంకె దగ్గరికే వెళుతుంది. వారం ఆగి, పాత కాగితం దాచేసి, కొన్ని పుర్రెలను మళ్లీ కొలవండి. తర్వాత ఈ లెక్క చేయండి. ప్రతి పుర్రెకూ రెండు కొలతల తేడా తీసి వర్గం చేయాలి, అన్నీ కూడాలి, పుర్రెల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి, వర్గమూలం తీయాలి. అయిదు పుర్రెల్లో తేడాలు 1, 0, 1, 2, 0 మి.మీ. అనుకుంటే వర్గాల మొత్తం 6, దాన్ని 10తో భాగిస్తే 0.6, వర్గమూలం 0.77 మి.మీ. దీన్ని కొలతలో సాంకేతిక దోషం అంటారు. తల పొడవుకు ఒక మిల్లీమీటరులోపు ఉంటే మీ చెయ్యి కుదిరినట్టే. అదే తేడా ముక్కు రంధ్రం వెడల్పులో వస్తే ఒప్పుకోలేం, ఎందుకంటే ఆ కొలతే పాతిక మిల్లీమీటర్లుంటుంది.

ఇద్దరు మనుషుల మధ్య తేడా సాధారణంగా ఇంతకంటే ఎక్కువే. అమెరికన్ మానవశాస్త్రవేత్త విలియం హోవెల్స్ అందుకే ఈ పని ఇంకొకరికి అప్పగించలేదు. ప్రపంచం నలుమూలల మ్యూజియాలు తిరిగి 2,500కు పైగా పుర్రెలను తానే కొలిచాడు. ఒకే చేతి కొలతలు కావడం వల్లే ఆ అంకెలను పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు.

లోపల ఎంత పడుతుంది

పాత పద్ధతి ఇది. రంధ్రాలన్నీ దూదితో మూసి, అడుగునున్న పెద్ద రంధ్రంలోంచి ఆవాల్లాంటి చిన్న గుండ్రటి గింజలు పోసి, కొలజాడీలోకి ఒంపి చూడాలి. వినడానికి సులువే. ఎన్నిసార్లు కుదిపారు, ఎంత అదిమారు అన్న దాన్ని బట్టి ఒకే పుర్రెకు వేరువేరు అంకెలొస్తాయి. ఫిలడెల్ఫియాలో వందల పుర్రెలు పోగేసిన శామ్యూల్ మోర్టన్‌కు 1830లలో ఇదే అనుభవమైంది. గింజలతో కుదరడం లేదని సీసపు గుళ్లకు మారాడు. ఆయన అంకెల మీద వాదన ఇంకా ఆగలేదు. 1978లో అమెరికన్ జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ ఆయన జాతి పక్షపాతం లెక్కల్లోకి దూరిందన్నాడు, 2011లో ఒక బృందం ఆ పుర్రెల్లో దాదాపు సగాన్ని మళ్లీ కొలిచి, కొలతలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయంది. నాకనిపించేదేమిటంటే, కొలత సరిగ్గా ఉన్నా మోర్టన్ దాంతో కట్టిన మేడ నిలబడదు. పెద్ద శరీరానికి పెద్ద పుర్రె ఉంటుంది. ఎత్తు, ఆడామగా పక్కన పెట్టి సగటు తీసి జనాలకు ర్యాంకులివ్వడం గింజలు చేసిన తప్పు కాదు.

ఇప్పుడు సీటీ స్కాన్ తీసి కంప్యూటర్‌లో ఘనపరిమాణం లెక్కకడతారు. పెళుసు పుర్రెలో సీసం గుళ్లు పోయడం ఇక ఎవరూ చేయకూడదు. బతికున్న మనిషి తలకు 1901లో బ్రిటిష్ గణాంకవేత్తలు లీ, పియర్సన్ ఇచ్చిన సూత్రం ఉంది. పొడవు, వెడల్పు, చెవి నుంచి పైకి ఎత్తు, ఒక్కోదాంట్లోంచి చర్మం మందం కింద 11 మి.మీ. తీసేసి, మూడూ గుణించి, మగవాళ్లకైతే 0.000337తో గుణించి 406.01 కలపాలి. 185, 145, 125 మి.మీ. తలకు సుమారు 1,302 మి.లీ. వస్తుంది. తరగతి గదిలో సరదాగా చేయించడానికి బాగుంటుంది. ఒక మనిషి గురించి ఏదో తేల్చడానికి వాడకండి.

పసిబిడ్డ తల

ఆసుపత్రుల్లో రోజూ జరిగే కపాల కొలత ఇది. ఇందులో పొరపాటు జరిగితే నష్టం ఒక బిడ్డకు.

బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టండి. క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి, జడ ఉంటే విప్పండి. సాగని టేపు తీసుకోండి, బట్టలు కుట్టే పాత టేపు వాడకలో సాగిపోయి ఉంటుంది. టేపు ముందు కనుబొమలకు కాస్త పైనుంచి, పక్కల చెవుల పైనుంచి, వెనక తల అన్నిటికంటే పొడుచుకొచ్చిన చోటు మీదుగా వెళ్లాలి. జుట్టు అణిగేంత బిగించండి. వెనక టేపు మెడ వైపు జారిందేమో పక్క నుంచి వంగి చూడండి. నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా ఇదే. దగ్గరి మిల్లీమీటరు దాకా చదివి, టేపు పూర్తిగా తీసేసి మళ్లీ పెట్టండి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాసుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత మధ్యస్థంగా మగబిడ్డకు 34.5 సెం.మీ., ఆడబిడ్డకు 33.9. మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెం.మీ., తర్వాత మూడు నెలలు ఒకటి, ఏడాది నిండేదాకా అర చొప్పున పెరుగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. కాన్పులో తల ఒత్తుకుని సాగి ఉంటే ఒకటి రెండు రోజులాగి మళ్లీ కొలవండి.

ఒక్క అంకె చూసి టెన్షన్ పడకండి. ఎదుగుదల చార్టులో గీత ఎటు పోతోందో చూడాలి. చిన్న తలే అయినా తన గీత వెంబడి పెరుగుతుంటే, అమ్మానాన్నల తలలూ చిన్నవైతే, చాలాసార్లు కంగారు అక్కర్లేదు. గీతలు దాటుకుంటూ పైకి పోతున్నా, పెరుగుదల ఆగినా డాక్టరు చూడాల్సిందే. మాడు ఉబ్బి బిగుసుకుని ఉండటం, ఆగని వాంతులు, కనుగుడ్లు కిందికి దిగిపోయి ఉండటం కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.

2015లో బ్రెజిల్‌లో, గర్భిణికి సోకితే బిడ్డ తల చిన్నదయ్యే ప్రమాదమున్న జికా వైరస్ వ్యాపించినప్పుడు ఈ టేపు ఎంత పెద్ద విషయమో ప్రపంచానికి తెలిసింది. మొదట 33 సెం.మీ. లేదా అంతకంటే తక్కువైతే చిన్న తలగా అనుమానించారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు కూడా ఆ జాబితాలోకి వచ్చేశారు. ఆ ఏడాది చివర్లో హద్దును 32కి, మరుసటి ఏడాది మగబిడ్డకు 31.9కి, ఆడబిడ్డకు 31.5కి దించారు. ఎన్ని కేసులన్న అంకె గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి మారింది.

ఆకారం చూడాల్సి వస్తే పొడవు, వెడల్పు కూడా తీసుకోండి. తల మరీ పొడవుగా, సన్నగా ఉంటే మధ్య నిలువు అతుకు ముందే మూసుకుపోయిందేమో అనుమానించాలి. ఒకవైపే పడుకోబెట్టడం వల్ల వెనక ఒక పక్క చదునైతే రెండు ఏటవాలు కొలతలు తీసి తేడా చూస్తారు.

గర్భంలో బిడ్డకు ఇదే పని అల్ట్రాసౌండ్ చేస్తుంది. మెదడు నడుమ ఉండే థలమస్‌లు రెండూ కనిపించే అడ్డుకోతలో వెడల్పు, చుట్టుకొలత తీస్తారు. తల సన్నగా సాగి ఉంటే వెడల్పు ఒక్కటే చూసి బిడ్డ చిన్నదనుకునే ప్రమాదముంది, అందుకే చుట్టుకొలత కూడా కావాలి. పళ్ల డాక్టర్ల సంగతి వేరు. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హాఫ్రాత్ తలను కదలకుండా బిగించి ఎక్స్‌రే తీసే పద్ధతి తెచ్చారు. దవడలు ముందుకా వెనక్కా అన్నది ఆ ఫిల్ము మీద కోణాలు గీసి తేలుస్తారు.

అంకెను చదవడం

పొడవు, వెడల్పుల నిష్పత్తిని 1840లలో స్వీడన్‌కు చెందిన ఆండర్స్ రెట్జియస్ మొదలుపెట్టాడు. తర్వాత డెబ్భై ఏళ్లు తల ఆకారం తరాలు మారినా మారదని, అదే జాతికి ముద్ర అని నమ్మారు. మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ న్యూయార్క్‌లో దాదాపు 18,000 మంది వలసదారులను, వాళ్ల పిల్లలను కొలిపించి, అమెరికాలో పుట్టిన పిల్లల తలలు తల్లిదండ్రుల తలల కంటే తేడాగా ఉన్నాయని 1910 ప్రాంతంలో చూపించాడు. ఆ మార్పు ఎంత అన్నది ఈ శతాబ్దంలోనూ మళ్లీ లెక్కలు కట్టి వాదించుకున్నారు.

మన దేశంలో 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కు వెడల్పుతో కులాల హోదా కొలవాలని చూశాడు. గణాంకవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1933లో ఆ అంకెలను మళ్లీ తిరగేశారు. 1936లో ఆయన ప్రకటించిన ‘డీ స్క్వేర్’ దూరం మనుషుల కొలతలతో కుస్తీ పట్టగా పుట్టిందే. ఒక్కో కొలతను విడిగా చూడకుండా, ఏవి కలిసి పెరుగుతాయో లెక్కలోకి తీసుకుని, రెండు గుంపులు ఎంత దూరమో చెబుతుంది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో గుర్తు తెలియని పుర్రెను కంప్యూటర్‌కిస్తే లోపల నడిచేది ఆ లెక్కే. అది ‘ఈ గుంపుకు ఇంత దగ్గర’ అంటుంది. పోల్చిన జాబితాలో ఆ మనిషి జనమే లేకపోతే ఉన్నవాళ్లలో దగ్గరివాళ్ల పేరు చెప్పి ఊరుకుంటుంది. కాబట్టి నివేదికలో ఏ జాబితాతో పోల్చారో తప్పక రాయండి.

నా కాగితంలో ఎప్పుడూ ఇవి ఉంటాయి: పుర్రె నంబరు, తేదీ, ఏ కాలిపర్, మార్టిన్ నంబరుతో కొలత, రెండోసారి కొలత, సాంకేతిక దోషం, ఏ బిందువు అంచనాగా తీసుకున్నానో ఆ వివరం. విరిగిన చోట కొలవలేకపోతే గడి ఖాళీగా వదిలి పక్కన ‘విరిగింది’ అని రాస్తాను, సున్నా వేయను. ఆ సున్నా సగటులో కలిసిపోయాక పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అంతా అయ్యాక పళ్ల సంచి లెక్క చూసుకుని, దవడను విడిగా గుడ్డలో చుట్టి, పుర్రెను ముఖం పైకి ఉండేలా పెట్టెలో పెట్టండి.